పాఠకుల ప్రశ్నలు: పారిస్ ఎన్నికల్లో నిలబడ్డ తెలుగు మూలాల ఫుట్‌బాలర్

ఫుట్‌బాల్ ఆడి రాజకీయాల్లోకి వెళ్లినవాళ్ల గురించి ఈమధ్య ఈ శీర్షికలో రాస్తూ ఫ్రెంచ్ ఆటగాడు వికాష్ దొరాసూ పేరు ఒక్క వాక్యంలో ప్రస్తావించాను. జార్జ్ వేయా లైబీరియా అధ్యక్షుడు కావడం గురించి అంత రాస్తే ఎవరూ ఏమీ అడగలేదు. ఆ ఒక్క వాక్యం మీద మాత్రం ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఆయనకే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: దొరాసూ తెలుగు మూలాలున్నవాడని రాశారు. మాకు ఫ్రాన్స్‌లో బంధువులున్నారు. ఆయనది మా యానాం నుంచి వెళ్లిన కుటుంబమా? — ఒక పాఠకురాలు, యానాం

యానాం నుంచి నేరుగా ఫ్రాన్స్ వెళ్లిన కుటుంబం కాదమ్మా. ఆయన తల్లిదండ్రులు మారిషస్ నుంచి వచ్చారు. మారిషస్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల సంతతి వాళ్లు. మీ బంధువుల్లో చాలామంది 1954లో యానాం ఫ్రెంచివాళ్ల చేతిలోంచి వచ్చాక ఫ్రెంచ్ పౌరసత్వంతో వెళ్లి ఉంటారు. దొరాసూ కుటుంబం దారి వేరు. ఆ దారి చెరకు తోటల మీదుగా వెళ్లింది.

1835లో మారిషస్‌లో బానిసత్వం రద్దయింది. బానిసలు లేకపోతే చెరకు నరికేదెవరు? అప్పటికే తోటల యజమానులు బ్రిటిష్ ప్రభుత్వం సాయంతో మనుషుల్ని ఒప్పందం మీద ఇండియా నుంచి తెప్పించుకోవడం మొదలుపెట్టారు. 1834 నుంచి 1920 వరకు దాదాపు ఐదు లక్షల మంది పోర్ట్ లూయిస్ రేవులో దిగారు. వాళ్లు దిగిన చోటును ఇప్పుడు ఆప్రవాసీ ఘాట్ అంటారు. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది. వచ్చినవాళ్లలో ఎక్కువమంది భోజ్‌పురి మాట్లాడే బిహార్ ప్రాంతం వాళ్లు. కోరంగి రేవు నుంచి, విశాఖపట్నం, గంజాం వైపు నుంచి వెళ్లిన మనవాళ్లు వాళ్లలో ఒక చిన్న గుంపు. ఆ లెక్కన అక్కడి తెలుగువాళ్లు వలస పాలన తయారుచేసిన మైనారిటీ. మైనారిటీలో మైనారిటీ అన్నా తప్పులేదు. అయినా నిలబడ్డారు. మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవు దినం. బడిలో తెలుగు చెప్పే ఏర్పాటు కూడా ఉంది.

మీ యానాం కథ దీనికన్నా పాతది. 1828లోనే, అంటే బ్రిటిష్ వాళ్లు మొదలుపెట్టకముందే, యానాం నుంచి ఒప్పంద కూలీలుగా కొందరు తెలుగువాళ్లను ఫ్రెంచివాళ్లు రీయూనియన్ దీవికి తీసుకెళ్లారు. మీ బంధువులు ఈసారి వస్తే అడిగి చూడండి, రీయూనియన్‌లో మనవాళ్ల గురించి వాళ్లకేమైనా తెలుసేమో.

ఇక దొరాసూ. 1973 అక్టోబరు 10న ఉత్తర ఫ్రాన్స్‌లో హార్ఫ్లర్ అనే ఊళ్లో పుట్టారు. పక్కనే లె హావ్ర్ రేవు పట్నం. రేవు, నౌకా నిర్మాణం, చమురు శుద్ధి కర్మాగారాలు, వాటిని నమ్ముకున్న కార్మికుల పేటలు, అదీ ఆ ఊరు. 1965 నుంచి 1995 వరకు ముప్పై ఏళ్లు అక్కడ కమ్యూనిస్టులే మేయర్లు. పిల్లవాడిగా దొరాసూ చూసిన ఊరు అదే. ఆయన రాజకీయాలు తర్వాత ఎటు వెళ్లాయో అర్థం కావాలంటే ముందు ఈ ఊరిని తెలుసుకోవాలి.

ప్రశ్న: 2006 ప్రపంచ కప్ ఫైనల్ రాత్రంతా మేలుకుని చూశాను. జిదాన్ తలతో కుమ్మడం గుర్తుంది. దొరాసూ ఆడినట్టు గుర్తు లేదు. అంత చెప్పుకోదగ్గ ఆటగాడేనా? — ఒక పాఠకుడు, హన్మకొండ

ఫైనల్లో ఆయన ఆడలేదు, మీ జ్ఞాపకం సరైనదే. చెప్పుకోదగ్గ ఆటగాడా అంటే, తప్పకుండా. లె హావ్ర్ క్లబ్‌లో శిక్షణ పొంది 1993లో అక్కడే మొదలుపెట్టారు. ఫ్రాన్స్‌లోని అతి పాత క్లబ్బుల్లో అదొకటి, 1872 నాటిదని చెప్పుకుంటుంది. 1998లో లియాన్ వెళ్లారు. 2003లో, 2004లో లియాన్ ఫ్రెంచ్ లీగ్ గెలిచినప్పుడు ఆ జట్టులో ఉన్నారు. పొట్టి మనిషి, సన్నటివాడు. మిడ్‌ఫీల్డ్‌లో బంతి కాలికి అంటుకున్నట్టు ఉండేది. ముందుకు దూసుకుపోవడం కన్నా ఒక క్షణం ఆగి, ఎదుటివాడి బరువు ఏ కాలు మీద ఉందో చూసి పాస్ ఇచ్చే రకం. అలాంటి ఆట హైలైట్స్‌లో కనిపించదు. మ్యాచ్ మొత్తం చూసినవాళ్లకే దాని విలువ తెలుస్తుంది.

2004లో ఏసీ మిలాన్ పిలిచింది. అక్కడ పిర్లో, సీడార్ఫ్, కాకా, గట్టూసో ఉన్నారు. ఖాళీ ఎక్కడుంది? ఏడాదిలో ఎక్కువ భాగం బెంచీ మీదే గడిచింది. 2005 మే 25న ఇస్తాంబుల్‌లో లివర్‌పూల్‌తో జరిగిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో కూడా అంతే. మిలాన్ మూడు గోల్స్ ముందుండి ఓడిపోయిన మ్యాచ్ అది. ఆ రాత్రి దొరాసూతో పాటు బెంచీ మీద కాఖా కలాడ్జే కూడా ఉన్నాడు. అతను తర్వాత జార్జియాలో మంత్రి అయి, 2017లో రాజధాని తిబిలిసీకి మేయర్ అయ్యాడు. మైదానంలో ఉన్న షెవ్‌చెంకో 2012లో ఉక్రెయిన్ పార్లమెంటుకు పోటీ చేసి ఓడిపోయాడు. ఆ క్లబ్ యజమాని బెర్లుస్కోనీ అప్పటికే ఇటలీ ప్రధాని. ఒక జట్టు చుట్టూ ఇంత రాజకీయం పోగుపడటం నేనెక్కడా చూడలేదు.

ఫ్రాన్స్ జట్టుకు 1999లో మొదటిసారి ఎంపికయ్యారు. తర్వాత చాలా ఏళ్లు మరిచిపోయారు. 2004లో రేమొన్ దొమెనెక్ కోచ్‌గా వచ్చాక మళ్లీ పిలిచారు. మొత్తం 18 మ్యాచ్‌లు, ఒక గోల్. ఆ గోల్ 2005 అక్టోబరులో సైప్రస్ మీద కొట్టింది. ఆ మ్యాచ్ గెలిచే ఫ్రాన్స్ ప్రపంచ కప్‌కు వెళ్లింది. 2006లో జర్మనీలో స్విట్జర్లాండ్ మీద, దక్షిణ కొరియా మీద చివరి నిమిషాల్లో మైదానంలోకి వచ్చారు. అంతే, ఆ తర్వాత రాలేదు. అయినా ప్రపంచ కప్‌లో ఆడిన తొలి భారత సంతతి ఆటగాడిగా ఆయన పేరే చెబుతారు.

అప్పట్లో నేను స్పోర్ట్స్ డెస్క్‌లో రాత్రి డ్యూటీలు చేసేదాన్ని. ఫ్రాన్స్ జట్టు జాబితా ఏజెన్సీ వార్తలో వచ్చినప్పుడు వికాష్ అనే పేరు చూసి డెస్క్‌లో అందరం లేచి నిలబడ్డాం. ఇండియా పేరు అనుకున్నామే తప్ప తెలుగు అని ఎవరికీ తట్టలేదు. మర్నాడు పేజీలో ఆయన పేరు జిదాన్ వార్తకు కింద రెండు ముక్కల్లో వేశాం. స్థలం అంతే ఉంది.

ఆ నెల రోజులూ ఆయన హోటల్ గదిలో ఒక సూపర్-8 కెమెరా పెట్టుకుని తనను తాను చిత్రీకరించుకున్నారు. ఫ్రెడ్ పూలే అనే దర్శకుడితో కలిసి దాన్ని సినిమాగా చేశారు. పేరు సబ్‌స్టిట్యూట్. ప్రపంచ కప్ ఫైనల్ దాకా వెళ్లిన జట్టులో ఉండి, ఆడని మనిషి ఎలా ఉంటాడో అందులో ఉంది. కిటికీలు, కారిడార్లు, ఫోన్ పట్టుకుని ఎదురుచూపులు. జట్టు గెలుస్తుంటే సంతోషించాలి, కానీ ఆడలేదనే బాధ లోపల తొలుస్తూ ఉంటుంది. చాలామంది ఆటగాళ్లు ఈ బాధను రిటైరయ్యాక కూడా ఒప్పుకోరు. ఆయన అది జరుగుతుండగానే ఒప్పుకున్నారు, అదీ కెమెరా ముందు. నాకు ఆయన మీద గౌరవం అక్కడే మొదలైంది.

ప్రశ్న: ఆటగాళ్లు ఆట ఆడుకుంటే చాలదా? పేరొచ్చాక రాజకీయాల్లోకి దూకడం మనదగ్గర చూస్తూనే ఉన్నాం. ఈయన కూడా అదే బాపతు కాదా? — ఒక పాఠకుడు, గుంటూరు

మీ చిరాకు నాకు అర్థమైంది. పార్టీలు పేరున్నవాళ్లను టికెట్ కోసం వెతుక్కోవడం, వాళ్లు తమకు సంబంధం లేని నియోజకవర్గంలో నిలబడటం మనకు కొత్త కాదు. హైదరాబాద్ అజారుద్దీన్ 2009లో ఎంపీగా గెలిచింది ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్ నుంచి. కానీ దొరాసూ విషయంలో వరుస తిరగబడింది. పేరు వల్ల రాజకీయాల్లోకి రాలేదు. అనిపించింది బయటికి అనడం వల్ల ఆటలో నష్టపోయారు.

ప్రపంచ కప్ అయ్యాక అప్పటి తన క్లబ్ పారిస్ సెయింట్ జెర్మైన్‌కు తిరిగి వచ్చారు. కోచ్ గీ లకోంబ్‌తో పడలేదు. కోచ్ పద్ధతిని ఒక పత్రిక ఇంటర్వ్యూలో బయటికే విమర్శించారు. 2006 అక్టోబరులో క్లబ్ ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేసింది. బదిలీ చేయలేదు, అమ్మేయలేదు, నేరుగా డిస్మిస్ చేసింది. ఫ్రెంచ్ ఆటగాళ్ల హక్కుల చార్టర్ 1973లో వచ్చాక ఒక ప్రొఫెషనల్ ఆటగాడిని ఇలా తీసేయడం ఇదే మొదటిసారని అప్పటి పత్రికలు రాశాయి. తర్వాత ఇటలీలో లివోర్నో క్లబ్‌తో ఒప్పందం కుదిరినా అక్కడ ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఆడలేదు. ఆట జీవితం అలా ముగిసింది.

ఆ చార్టర్ సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఆ డిస్మిస్ ఎంత పెద్ద దెబ్బో తెలియదు. ఒకప్పుడు ఫ్రాన్స్‌లో ఆటగాడు ముప్పై అయిదేళ్లు వచ్చేదాకా క్లబ్‌కు కట్టుబడి ఉండాలి. క్లబ్ ఇష్టపడితేనే బయటికి వెళ్లగలడు. 1961లో ఫ్రెంచ్ ఆటగాడు జ్యుస్త్ ఫొంతేన్, కామెరూన్ నుంచి వచ్చిన యూజీన్ ఎన్‌జో లేయా కలిసి ఆటగాళ్ల యూనియన్ పెట్టారు. పోలిష్ వలస కుటుంబంలో పుట్టి, కుర్రతనంలో బొగ్గు గనిలో పనిచేసిన రేమొన్ కొపా 1963లో ఫుట్‌బాలర్లు బానిసలు అన్నాడు. ఆ మాటకు ఆయన మీద చర్య తీసుకున్నారు. 1968 మే నెలలో ఆటగాళ్లు పారిస్‌లో ఫుట్‌బాల్ ఫెడరేషన్ కార్యాలయాన్నే ఆక్రమించుకున్నారు. ఆ పోరాటాలతో కాలపరిమితి ఉన్న కాంట్రాక్టు వచ్చింది. కాంట్రాక్టు మీద ఓడ ఎక్కిన కూలీల వంశంలో పుట్టినవాడికి ఈ చరిత్ర పాఠంలా కాక ఇంటి కథలా వినిపించి ఉంటుందని నా నమ్మకం. ఇది నా మాట, ఆయనకు అంటగట్టను.

ఆట ఉండగానే ఆయన ఇంకో పని చేశారు. పారిస్ ఫుట్ గే అనే క్లబ్ ఉండేది. స్వలింగ సంపర్కుల మీద ఫుట్‌బాల్‌లో ఉన్న ద్వేషానికి వ్యతిరేకంగా 2003లో పుట్టింది. దానికి పెద్దదిక్కుగా నిలబడ్డారు. పెద్ద లీగ్‌లో ఆడుతున్నవాళ్లలో అలా పేరు ఇచ్చేవాళ్లు అప్పుడు దాదాపు లేరు. డ్రెస్సింగ్ రూమ్‌లో ఎన్ని మాటలు పడాలో ఆలోచించండి. దానివల్ల ఓట్లూ రావు, డబ్బూ రాదు. 2011లో మిత్రులతో కలిసి తతాన్ అనే సంఘం పెట్టారు. గెలుపు కోసం కొట్టుకోవడం కాకుండా పిల్లలు, ఆడవాళ్లు, ముసలివాళ్లు అందరూ కలిసి సంతోషంగా ఆడుకునే ఫుట్‌బాల్ కావాలన్నది దాని ఆలోచన. మధ్యలో పేకాట టోర్నమెంట్లు కూడా ఆడారు, పోకర్‌లో ప్రొఫెషనల్‌గా. అది నాకు అంత నచ్చలేదు, కానీ దాచి చెప్పడం ఎందుకు?

ప్రశ్న: 2020లో ఎన్నికల్లో నిలబడ్డారన్నారు. గెలిచారా? — ఒక పాఠకుడు, నిజామాబాద్

గెలవలేదు. పారిస్ మేయర్ ఎన్నిక మన కార్పొరేషన్ ఎన్నికలాంటిది కాదు. అప్పటి పద్ధతిలో ఊరిని అరోందిస్మాలు అనే భాగాలుగా విడగొట్టేవారు. ఒక్కోదానిలో పార్టీలు పేర్ల జాబితా పెట్టేవి. ప్రజలు ఆ జాబితాకు ఓటేసేవారు. గెలిచిన కౌన్సిలర్లు మేయర్‌ని ఎన్నుకుంటారు. వామపక్షమైన లా ఫ్రాన్స్ ఆన్‌సుమీజ్ తరఫున దానియెల్ సిమొనే నాయకత్వంలో ఒక జాబితా దిగింది. అందులో 18వ అరోందిస్మాకు దొరాసూ ముందు నిలిచారు.

18 అంటే పర్యాటకులకు మోమార్త్ర్ కొండ. కానీ ఆ కొండకు తూర్పు పక్క గూత్ దోర్, బార్బెస్, లా షపెల్ పేటలున్నాయి. ఆఫ్రికా నుంచి, అల్జీరియా నుంచి వచ్చినవాళ్లు, ఇరుకు గదులు, ఎక్కువ అద్దెలు. లా షపెల్ పక్కనే శ్రీలంక తమిళుల దుకాణాల వీధి. పారిస్ వెళ్లిన మనవాళ్లు కరివేపాకు కోసం అక్కడికే పరుగెడతారు. పోటీ చేయడానికి ఆయన ఎంచుకున్న చోటు ఇది.

మొదటి రౌండ్ పోలింగ్ 2020 మార్చి 15న జరిగింది. రెండు రోజుల తర్వాత ఫ్రాన్స్ మొత్తం కరోనా లాక్‌డౌన్‌లోకి వెళ్లింది. జనం ఇళ్లలోంచి బయటికి రావడానికే భయపడుతున్న రోజు అది. ఓటింగ్ బాగా పడిపోయింది. ఆ జాబితా పారిస్ మొత్తం మీద బలంగా నిలబడలేకపోయింది. ఆయనకు సీటు రాలేదు.

ప్రశ్న: అలాంటప్పుడు మారిషస్‌లో పోటీ చేసి ఉంటే మనవాళ్ల ఓట్లతో సులువుగా గెలిచేవాడు కదా? — ఒక పాఠకురాలు, విశాఖపట్నం

అక్కడి లెక్క వేరండీ, అంత సులువు కాదు. మారిషస్ పార్లమెంటుకు 62 మందిని ఎన్నుకుంటారు. ఆపైన ఎనిమిది సీట్ల వరకు ఓడిపోయినవాళ్లలో బాగా ఓట్లు తెచ్చుకున్నవాళ్లకు, ఏ వర్గానికి ప్రాతినిధ్యం తగ్గిందో చూసి ఇస్తారు. అందుకోసం రాజ్యాంగం నాలుగు వర్గాలను గుర్తిస్తుంది: హిందువులు, ముస్లింలు, చైనా మూలాల వాళ్లు, మిగిలిన జనాభా. ఇందులో తెలుగు అని వేరే గడి లేదు. హిందువుల గడిలోనే మనవాళ్లు. ఇంకో చిత్రం, ఆ లెక్క ఇప్పటికీ 1972 జనాభా లెక్కల మీదే నడుస్తోంది. అభ్యర్థి నామినేషన్ వేసేటప్పుడు తాను ఏ వర్గమో చెప్పాలనే నియమం మీద అక్కడ చాలా గొడవ జరిగింది. చెప్పకుండా పోటీ చేయడానికి 2014 ఎన్నికలకు మాత్రం తాత్కాలికంగా ఒక సవరణ తెచ్చారు.

పారిస్‌లో దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఫ్రెంచ్ ప్రభుత్వం పౌరుల జాతి మూలాలను లెక్కగట్టదు. దొరాసూ నామినేషన్‌లో ఫ్రెంచ్ పౌరుడు, అంతే. మారిషస్‌లో ఆయన పెద్ద గడిలో ఒక చిన్న భాగం, ఫ్రాన్స్‌లో అసలు గడే లేదు. రెండు చోట్లా తెలుగు అనే మాట కాగితం మీద కనిపించదు. తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్లకు ఏ పద్ధతి మంచిదని నన్నడిగితే, గుర్తింపు ఉండటమే మంచిదంటాను, మారిషస్ పద్ధతిలో ఎన్ని లోపాలున్నా సరే. ఫ్రాన్స్ లెక్కగట్టకపోయినా జనం చర్మం చూసి లెక్కగడుతూనే ఉన్నారు. 1996లో, మళ్లీ 2006లో తీవ్ర మితవాద నాయకుడు జాన్-మారీ లె పెన్ ఫ్రాన్స్ జట్టులో రంగు మీద చేసిన వ్యాఖ్యలు చదివినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు.

ఆటలో కూడా మారిషస్ ఇదే సమస్యతో నలిగింది. అక్కడి క్లబ్బుల పేర్లు చూడండి: హిందూ కాడెట్స్, ముస్లిం స్కౌట్స్, తమిళ్ కాడెట్స్. తెల్లవాళ్లకు డోడో క్లబ్. ఆఫ్రికా బానిసల సంతతి అయిన క్రియోల్ వాళ్ల అభిమానం ఫైర్ బ్రిగేడ్ మీద. ఎనభైల్లో పేర్లలోంచి మతాన్ని తీసేయించారు. అభిమానులు మారలేదు. 1999 మే 23న స్కౌట్స్, ఫైర్ బ్రిగేడ్ మ్యాచ్ అయ్యాక పోర్ట్ లూయిస్‌లో అల్లర్లు చెలరేగాయి. లామికాల్ అనే జూద గృహాన్ని తగలబెట్టారు. గర్భిణి, పిల్లలతో సహా ఏడుగురు చనిపోయారు. దేశంలో ఫుట్‌బాల్ లీగ్ ఆపేసి, తర్వాత ప్రాంతాల వారీగా క్లబ్బులు కట్టుకున్నారు.

ఆ మ్యాచ్ జరిగిన స్టేడియం పేరు అంజలై. 1943 సెప్టెంబరు 27న బెల్ వ్యూ ఆరెల్ తోటలో సమ్మె చేస్తున్న కూలీల మీద పోలీసులు కాల్పులు జరిపితే అంజలై కూపెన్ అనే గర్భిణీ కూలీ చనిపోయింది. ఆమెతో పాటు ముగ్గురు. స్టేడియానికి కూలీ మహిళ పేరు పెట్టిన దేశం అది. అలాంటి స్టేడియంలో మ్యాచ్ అయ్యాక ఆ కూలీల మనవల్లో కొందరే మనుషులున్న భవనాన్ని తగలబెట్టే దాకా వచ్చింది. ఇది రాస్తుంటే నాకు కోపం వస్తోంది, దాచుకోలేను.

ప్రశ్న: మా అబ్బాయి మిడ్‌ఫీల్డర్. దొరాసూ ఆట చూపించాలంటే ఏ మ్యాచ్ చూపించాలి? — ఒక తండ్రి, సికింద్రాబాద్

2006 ఏప్రిల్ 29, ఫ్రెంచ్ కప్ ఫైనల్, పారిస్ సెయింట్ జెర్మైన్, మార్సెయ్ జట్ల మధ్య. ఫ్రాన్స్‌లో ఈ రెంటికీ పడదు. మొదట్లోనే పారిస్ తరఫున కలూ గోల్ కొట్టాడు. 49వ నిమిషంలో దొరాసూ పెనాల్టీ ఏరియా బయటి నుంచి కొట్టిన షాట్ గోల్ అయింది. మార్సెయ్ ఒకటి తిరిగి కొట్టింది. 2-1తో పారిస్ కప్ గెలిచింది. కానీ గోల్ ఒక్కటే చూపించి ఆపకండి. వీడియో దొరికితే మొదటి అరగంట చూడమనండి, బంతి ఆయన దగ్గరకు రాకముందు ఆయన తల ఎన్నిసార్లు అటూ ఇటూ తిరుగుతుందో గమనించమనండి. ఆ అలవాటు మీ అబ్బాయికి ఏ కోచింగ్ క్యాంపులో చెప్పినా చెప్పకపోయినా, ఇక్కడ ఉచితంగా దొరుకుతుంది. ఆ గోల్ కొట్టిన అయిదున్నర నెలలకే క్లబ్ ఆయన్ని తీసేసిందని కూడా చెప్పండి. పదిహేనేళ్ల వయసుంటే అది తెలుసుకోవడానికి సరిపోతుంది.